సుందరరావు ఇంటికి మూల్యన్యూనీకరణ

ఆ గురువారం పొద్దున సుందరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, చిక్కడపల్లి మార్కెట్టుకి నడిచి వెళ్లి, లేత దొండకాయలు ఏరి తెచ్చి, భార్య ఆదిలక్ష్మి చేతికిచ్చి, వేపుడు అయ్యేదాకా పేపరు చదువుకోవాలి. నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యాక ఆయన ఇంతకన్నా పెద్ద పథకాలు పెట్టుకోవడం మానేశాడు. ఆ శాఖలో పెద్ద పథకాలు ఏమవుతాయో ఆయనకు తెలుసు.

అరగంటలో ఆయన వట్టి సంచీతో, చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి పడ్డాడు.

"దొండకాయలేవండీ?" అంది ఆదిలక్ష్మి.

"దొండకాయలా! కార్పొరేషన్ వాళ్లు పక్క వీధిలో దిగారే. ఇళ్లన్నీ మళ్లీ కొలుస్తున్నారట. ఆస్తిపన్ను కొత్తగా కడతారట. మూలింటి ఆయనకి రెట్టింపయిందని మార్కెట్లో చెప్పుకుంటున్నారు. మధ్యాహ్నానికి మన వీధిలోకి వస్తారు."

"వస్తే రానీండి. కొలిస్తే ఇల్లేమైనా అరిగిపోతుందా?"

సుందరరావు సంచీ అక్కడే పడేసి మేడమెట్లు ఎక్కాడు. పైన రెండు గదుల్లో సాగర్, శశాంక్ అద్దెకుంటున్నారు. ఇద్దరూ సిద్దిపేట వైపు పల్లెల నుంచి వచ్చి ప్రభుత్వోద్యోగాల పరీక్షలకు చదువుతున్నారు. సెంట్రల్ లైబ్రరీ నడిచి వెళ్లే దూరంలో ఉంది, అద్దె తక్కువ, ఆదిలక్ష్మి చేతి పులుసు అప్పుడప్పుడూ గిన్నెలో పైకి వస్తుంది. అశోక్‌నగర్‌లో చదువుకునేవాడికి ఇంతకన్నా అదృష్టం లేదు.

"బాబూ, పన్ను రెట్టింపయితే అద్దె పెంచక తప్పదు నాకు. ముందే చెబుతున్నాను," అన్నాడు సుందరరావు. మొహమాటంగానే అన్నాడు గానీ, అన్నాడు.

సాగర్ చేతిలో పెన్ను కిందపడింది. మెయిన్స్ పరీక్ష దగ్గరికొచ్చింది. ఇంటి దగ్గర నుంచి వచ్చే పైసలు ఇప్పటి కిరాయికే బొటాబొటి. ఈ గది పోతే ఏ హాస్టల్లోనో ఆరుగురి మధ్య మంచం వేసుకోవాలి. అక్కడ పొద్దంతా ఎవడో ఒకడు ఫోన్లో మాట్లాడుతూనే ఉంటాడు.

ఈ సాగర్ గురించి ఒక మాట ముందే చెప్పుకోవాలి. బుద్ధిమంతుడు, కష్టపడేవాడు. కాకపోతే ప్రశ్న చెవిన పడితే సరైన జవాబు చెప్పకుండా ఉండలేడు. మూడేళ్ల చదువు అతనికి చేసిన అపకారం అది. ఒకసారి ఆదిలక్ష్మి "ఈ కుక్కరు ఎందుకు కూయడం లేదో" అని తనలో తాను గొణుక్కుంటే, మేడమీద నుంచి దిగొచ్చి ఆవిరి పీడనం గురించి వివరించి, రబ్బరు మార్చమని చెప్పి పోయాడు. ఇప్పుడూ అతని బుర్ర సిలబస్ వైపు పరుగెత్తింది.

"సార్, పరేషాన్ గాకుండ్రి. దీనికి ఎకనామిక్స్‌ల ఉపాయమున్నది. ఒక్కో దేశం తన రూపాయి విలువ తానే తగ్గించుకుంటది. మూల్యన్యూనీకరణ అంటరు. గట్ల జేస్తే ఎగుమతులు పెరుగుతయి."

"మా ఇంట్లోంచి ఎగుమతులేం ఉన్నాయయ్యా?"

"అది గాదు సార్. మీ ఇంటి విలువ మీరే జర తగ్గించి చూపెట్టుండ్రి. ఆఫీసర్ వోయినంక మళ్ల పెంచుకుందం. దాన్ని పునర్మూల్యనం అంటరు. పోయినసారి రెండూ అడిగిన్రు."

సుందరరావుకి ఎకనామిక్స్ మీద ఉన్నట్టుండి గౌరవం పుట్టుకొచ్చింది.

మూల్యన్యూనీకరణ వెంటనే మొదలైంది. ముందుగా రోజ్‌వుడ్ సోఫా మేడమీదికి ఎగుమతి అయింది. సాగర్ ఒక కొస, శశాంక్ ఒక కొస పట్టుకున్నారు, మధ్యలో సుందరరావు "గోడ, గోడ!" అని అరుస్తూ నడిచాడు. సోఫా మెట్ల మలుపు దాకా బాగానే వెళ్లి అక్కడ ఇరుక్కుంది. లాగితే రాలేదు, తోస్తే పోలేదు. దాన్నక్కడే వదిలేసి మీద దుప్పటి కప్పారు. తర్వాత పాలరాతి నేల మీద గోనెసంచులు పరిచారు. గుమ్మం పక్కన "ఆదిలక్ష్మీ నిలయం" అన్న పలక మీద పాత క్యాలెండరు తగిలించారు. హాల్లో వేలాడే గాజు దీపాలకు దోమతెర చుట్టారు. ఏసీ మీద తడి లుంగీ ఆరేశారు. ఫ్రిజ్జుని పెరట్లోకి నెట్టి, అది ఫ్రిజ్జని తెలియకుండా పైన రెండు చేటలు పెట్టారు.

"మన పెళ్లికి కూడా ఇంత హడావిడి చేయలేదు మీరు," అంది ఆదిలక్ష్మి. "అయినా మనిల్లు మనమే పాడుచేసుకోవడమేంటి, కర్మ కాకపోతే! చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"ఆస్తులు పోయినయనుకుంటరు ఆంటీ," అన్నాడు సాగర్. ప్రశ్న అడిగారు కదా మరి.

అతని జవాబు ఎప్పట్లాగే సరైనదే. సరిగ్గా అప్పుడే కూరగాయల బండి రామక్క గేటు ముందు ఆగింది. మెట్ల మీద దుప్పటి కప్పిన సోఫానీ, గోనెలనీ, పెరట్లో ఫ్రిజ్జునీ చూసింది. ఆదిలక్ష్మి మొహం చూసింది.

"ఏమైందమ్మా? ఇల్లు ఖాళీ జేస్తున్రా?"

నిజం చెప్తే వీధంతా పాకుతుందని ఆదిలక్ష్మికి తెలుసు. అందుకని "ఏం లేదు రామక్కా," అని తల తిప్పుకుంది. 'ఏం లేదు' అని ఆడవాళ్లు తల తిప్పుకుంటే దానర్థం ఏమిటో రామక్కకి తెలియనిది కాదు. ఆమె కళ్లు చెమర్చాయి. దొండకాయలు తూచి, పైన కొత్తిమీర కట్ట, చేతికొచ్చినంత కరివేపాకు పెట్టి సంచీలో కుక్కింది.

"పైసలద్దమ్మా. ఉంచుకో. గిసోంటప్పుడే పనికొస్తయి."

ఆదిలక్ష్మి ఎంత బతిమాలినా రామక్క డబ్బు తీసుకోలేదు. బండి తోసుకుంటూ వెళ్లిపోయి, తర్వాతి పది ఇళ్లకీ కూరగాయలతోపాటు ఈ సంగతి కూడా పంచింది. అప్పు చేసి ఏదో వ్యాపారంలో పెట్టాడట అని మూడో ఇంటి దగ్గర చేరింది. ఆరో ఇల్లు దాటేసరికి ఇల్లు అమ్మకానికొచ్చింది. నారాయణగూడ చౌరస్తాలో చాయ్ తాగుతున్న బీరయ్యకు ఆ కబురు అందేసరికి చాయ్ ఇంకా సగం ఉంది. బీరయ్య ఇళ్ల బ్రోకరు. సగం చాయ్ వదిలేశాడంటే బేరం పెద్దదన్నమాట.

బీరయ్య గేటు తీసుకుని నేరుగా హాల్లోకి వచ్చాడు. గోనెలు తొక్కాడు, దోమతెర వైపు చూశాడు, గోడని వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి విన్నాడు.

"సార్, దాపరికమెందుకు? పార్టీ రెడీగున్నది. ఇంటికైతే ఏం రాదు. కూలగొట్టుడే. జాగాకు మాత్రం మంచి రేటిప్పిస్త."

"కూలగొట్టడమా?" సుందరరావు గొంతు పెరిగింది. "ఎవరిల్లనుకున్నావు? ఇల్లు అమ్మడం లేదు. నువ్వు ముందు బయటికి నడు."

బీరయ్యకు కోపం రాలేదు. అమ్మేవాళ్లంతా మొదట అలాగే అంటారు. గేటు బయట నిలబడి ఫోను తీశాడు. ఇంటాయన వినకపోతే ఆయనకు నచ్చజెప్పే బంధువుని పట్టుకోవాలి. బీరయ్య దగ్గర అశోక్‌నగర్ మొదలుకుని దోమలగూడ దాకా అందరి నంబర్లూ ఉన్నాయి. ఆయన ఫోన్ చేసింది గాంధీనగర్‌లో ఉండే పట్టాభికి.

ఆ పేరు వినగానే సుందరరావుకి బీపీ పెరుగుతుంది. పట్టాభి ఆయనకు తోడల్లుడు, ఆదిలక్ష్మి చెల్లెలు సుహాసిని మొగుడు. మనిషి మంచివాడే, అదే మరీ బాధ. ఇద్దరూ ముప్పై ఏళ్లుగా ఒకరి కుశలం ఒకరు కనుక్కుంటూ, ఒకరి ఇంటికన్నా ఒకరు ఒక మెట్టు పైన ఉండాలని చూస్తున్నారు. పట్టాభి ఏసీ పెడితే సుందరరావు రెండు పెట్టించాడు. సుందరరావు హాల్లో పాలరాయి పరిస్తే, పట్టాభి గేటు దాకా గ్రానైట్ పరిపించి, వానాకాలం జారిపడి నెల రోజులు కట్టుతో కూర్చున్నాడు. అయినా రాయి మాత్రం తీయించలేదు.

అలాంటి పట్టాభి ఆటో దిగి, ఆరు అరటిపళ్ల సంచీ పట్టుకుని, జబ్బుమనిషిని చూడవచ్చినవాడిలా మెల్లగా నడుస్తూ లోపలికొచ్చాడు.

"అన్నయ్యగారూ," అన్నాడు గద్గదంగా. "ఇంత జరిగితే నాకొక్క మాట చెప్పొద్దా? నేను పరాయివాడినా?"

సుందరరావు సంగతంతా చెప్పేద్దామని నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. గేటు దగ్గర స్కూటీ ఆపి, మెడలో ఐడీ కార్డు వేసుకుని, ఒక యువతి లోపలికి వస్తోంది.

"నమస్తే సార్. కార్పొరేషన్ నుంచి వచ్చిన. వందన, ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్ని. ఇల్లు జర కొలవాలె."

హాల్లో మిగిలిన ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టాభికి దొరికింది. ఒళ్లో అరటిపళ్లతో అందులో కూర్చుని, ఎక్కడికీ వెళ్లే ఉద్దేశం లేదన్నట్టు కాళ్లు చాపాడు. సుందరరావుకి అటు చూస్తే పన్ను, ఇటు చూస్తే పరువు.

"కొలవండమ్మా. ఏముంది కొలవడానికి, పాత కొంప," అని నీరసంగా మొదలుపెట్టాడు. "వాన పడితే నాలుగు చోట్ల కారుతుంది."

"అయ్యయ్యో," అన్నాడు పట్టాభి. "కారుతుందా! మా ఇల్లు ఒక్క చుక్క కారదే!"

సుందరరావు మెడ బిగుసుకుంది. "కారేది దూలాల మీద నుంచి లెండి. టేకు దూలాలు. రాజమండ్రి నుంచి తెప్పించాను."

"టేకా సార్?" అంది వందన.

"ఆ... పాత టేకమ్మా. చెదలు పట్టింది."

"చెదలా!" పట్టాభి కుర్చీలోంచి సగం లేచాడు.

"చెదలు పట్టాలని చూసింది. పట్టలేకపోయింది. మంచి టేకు కదా!"

వందన తల అటూ ఇటూ తిప్పుతూ ఇద్దర్నీ చూసి, "నేల గచ్చేనా సార్?" అంది.

"గచ్చేనమ్మా."

"గచ్చా?" అన్నాడు పట్టాభి. "గృహప్రవేశానికి పాలరాయని చెప్పారుగా? మా సుహాసిని అది చూసొచ్చేగా నా ప్రాణం తోడి గ్రానైట్ వేయించింది? నా కాలు విరిగింది దానివల్లేగా! అప్పుడు అబద్ధం చెప్పారా అన్నయ్యగారూ?"

సుందరరావు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత కుడికాలి బొటనవేలితో గోనెసంచి అంచు పైకెత్తాడు. కింద పాలరాయి తళతళలాడింది.

"రాజస్థాన్‌ది," అన్నాడు చిన్నగా.

వంటింటి గుమ్మంలో ఆదిలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. మెట్ల మలుపులో సోఫా వెనకాల సాగర్, శశాంక్ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. వందన తలెత్తి వాళ్లని చూసింది.

"పైన ఎవరుంటరు సార్? కిరాయికిచ్చిన్రా?"

"అబ్బే, లేదమ్మా. మా ఆవిడ తరఫు బంధువులు. ఊరికే ఉంటున్నారు."

పట్టాభి ఆలోచనలో పడ్డాడు. "వదినగారి తరఫంటే మా ఆవిడ తరఫు కూడా కదండీ. ఇన్నేళ్లలో ఒక్క పెళ్లిలోనూ వీళ్లని చూసినట్టు లేదే!"

వందన సాగర్ వైపు తిరిగింది. ఆమె సూటిగా, "మీరు వీళ్లకేమైతరు?" అని అడిగింది.

సాగర్ మొహంలో రంగులు మారాయి. అడిగింది మామూలు మనిషి కాదు. ఆ పరీక్షలు రాసి, గెలిచి, కుర్చీలో కూర్చున్న ఆఫీసరు. నిజం చెప్తే కిరాయి పెరుగుతుంది, గది పోతుంది. సంగతంతా అతనికి తెలుసు. పెదాలు గట్టిగా బిగించాడు. శశాంక్ అతని చెయ్యి గిల్లాడు కూడా. అయినా లాభం లేకపోయింది.

"కిరాయిదారులమైతం మేడం. ప్రతినెలా ఒకటో తారీకు ఇస్తం. కరెంటు బిల్లు వేరే."

"సాగర్!" అన్నాడు సుందరరావు.

"తప్పు జవాబుకు మార్కులు కోస్తరు సార్," అన్నాడు సాగర్ ఏడుపు గొంతుతో.

వందన ఇక ఆపుకోలేక నవ్వేసింది. "ఎన్నో అటెంప్ట్?"

"రెండోది మేడం."

"నాకు మూడోదాంట్ల వచ్చింది. గీ లైబ్రరీలనే చదివిన. ఫ్యాన్ కింద సీటు కోసం పొద్దున్నే ఉరికెటోళ్లం." తర్వాత సుందరరావు వైపు తిరిగింది. "సార్, ఒకటి చెప్పాల్నా? సోఫాకు ట్యాక్స్ లేదు. ఫ్రిజ్జుకు లేదు. ఏసీ మీద లుంగీకి గూడ లేదు. ఇల్లెంత పెద్దగున్నది, ఏడ ఉన్నది, దేనికి వాడుతున్రు, గంతే చూస్తం. పొద్దున ఒకాయన కుర్చీలన్నీ టెర్రస్ మీద పెట్టి, కుటుంబమంత నిలబడే ఉన్నరు పాపం."

సుందరరావు నుదురు కొట్టుకున్నాడు. ఎకనామిక్స్ మీద పొద్దున పుట్టిన గౌరవం అక్కడికక్కడే పోయింది.

వందన చేతిలో చిన్న యంత్రం తీసి గోడలకు గురిపెట్టింది. ఎర్రని చుక్క ఒకటి గదిగదికీ తిరిగింది. సాగర్ ఆ చుక్క వెంటే కళ్లు తిప్పుతూ నిలబడ్డాడు. ఆ చుక్క ఎంత దూరం పోతే తన మంచం అంత దూరం జరుగుతుందని అతని భయం. చివరికి వందన ఫోన్లో ఏవో అంకెలు చూసుకుని, మళ్లీ చూసుకుని, తల పంకించింది.

"సార్, మీకు మంచి మాటే. అప్పట్ల మీరు రాసిచ్చిన దానికంటె ఇల్లు చిన్నగున్నది. ఇన్నేండ్లు ఎక్కువ కట్టుకుంట వచ్చిన్రు. కిరాయి లెక్క కలిపినా ఇగ మీ ట్యాక్స్ తగ్గుతది."

ఆదిలక్ష్మి దేవుడి గది వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. సాగర్, శశాంక్ ఒకరినొకరు కౌగిలించుకోబోయి సోఫా అడ్డం రాగా, దాని మీదుగానే చేతులు కలుపుకున్నారు. సుందరరావు మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు పట్టాభి గొంతు సవరించుకునేదాకా ఉంది.

"పోనీలెండి అన్నయ్యగారూ," అన్నాడు పట్టాభి, ఎంతో ఓదార్పుగా. "మా ఇంటికన్నా చిన్నదైతేనేం, ఉండేది ఇద్దరేగా! నేనంటే మీరు నమ్మరు గానీ, ఇప్పుడు కార్పొరేషన్ వాళ్లే చెప్పారు."

సుందరరావుకి అప్పుడు గుర్తొచ్చింది. ఎవరి ఇంటి కొలత వాళ్లే రాసివ్వమని కార్పొరేషన్ అడిగిన ఏడు, తోడల్లుళ్లిద్దరూ ఇదే హాల్లో, ఒకే బల్ల దగ్గర కూర్చుని రాశారు. పట్టాభి రాసిన అంకె వైపు ఓరగా చూసి, దానికి ఇంకాస్త కలిపి తన అంకె వేశాడు తను. ఆ ఇంకాస్తకే ఇన్నేళ్లూ పన్ను కట్టాడు. కట్టిన ప్రతిసారీ గుండె ఎంత చల్లగా ఉండేదో కూడా గుర్తొచ్చింది.

"అమ్మా వందనా," అన్నాడు. గొంతు మారిపోయింది. "ఆ మెట్ల కింద అర ఒకటుంది. కొలిచారా?"

"కొలిచిన సార్."

"పెరట్లో మోటారు గది?"

"గదా అది? రేకుల డబ్బా సార్."

"తులసికోట చుట్టూ అరుగుంది. ఇద్దరు పడుకోవచ్చు. ఒకసారి కొలిచి చూడండమ్మా, ఆ మిషన్ సరిగ్గా పట్టుకున్నారో లేదో. ఇల్లు పెద్దది. పుట్టెడు మంది చుట్టాలు దిగిన ఇల్లు ఇది!"

"సార్, ఇల్లు పెరిగితే ట్యాక్స్ పెరుగుతది."

"పెరగనీండి! అంతకుముందు ఎంత కట్టానో అంతే కడతాను. తగ్గించడానికి నేనొప్పుకోను. అభ్యంతరం పెడతాను."

మెట్ల మీద సాగర్, ఇక గది పోయినట్టే అన్నట్టు శశాంక్ వైపు చూశాడు. అతని వంక చూసిన ఆదిలక్ష్మి ఇక ఊరుకోలేకపోయింది. వంటింట్లోంచి గరిటెతో సహా హాలు మధ్యకి వచ్చింది.

"కట్టుకోండి. మీ గొప్పకి మీరు ఎంతైనా కట్టుకోండి, మీ పెన్షన్లోంచి. పైన పిల్లల అద్దె జోలికి వెళ్లారంటే మాత్రం ఈ రోజు నుంచి మీకు దొండకాయ వేపుడు లేదు, పులుసు లేదు, కాఫీ కూడా మీరే కలుపుకోండి. సాగర్, మీ కిరాయి పెరగదు. నే చెబుతున్నా. పరీక్ష రాయండి."

సాగర్‌కి ఏమనాలో తెలియలేదు. ప్రశ్న కాదు కదా. కళ్లు తుడుచుకున్నాడు.

సుందరరావు భార్య మాటకు తలూపాడు గానీ, పట్టు మాత్రం విడవలేదు. వందన ఓపిగ్గా ఫోను తెరిచింది. "సార్, తగ్గియ్యమని అడిగేటోళ్లు మస్తుమందొస్తరు. పెంచమన్నోళ్లను ఇంతవరకు చూడలే. అభ్యంతరానికి కారణం రాయాలె. ఏం రాసుకోమంటరు?"

సుందరరావు పైన దోమతెరలో దీపాల వైపు చూశాడు. పట్టాభి అరటిపళ్ల వైపు చూశాడు. ఆదిలక్ష్మి గరిటె వైపు చూసుకుంది. ప్రశ్న గాలిలో అలాగే వేలాడుతోంది. శశాంక్ చెయ్యెత్తి సాగర్ నోరు మూయబోయాడు. ఒక్క క్షణం ఆలస్యమైంది.

"తోడల్లుడు, మేడం."

వందన అది రాసుకుందో లేదో గానీ, ఫోను బ్యాగులో వేసుకుని, నవ్వు ఆపుకుంటూ గేటు దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది. "ఇంతకు మీ ఇల్లు ఏడున్నది సార్?" అని పట్టాభిని అడిగింది. ఆయన గాంధీనగర్ అన్నాడు. "వచ్చే వారం అక్కడికే వస్తున్నం. మీది గూడ అప్పట్ల మీరు రాసిచ్చిన కొలతనే కదా?"

పట్టాభి చేతిలో సంచీ జారింది. ఆ రోజు బల్ల దగ్గర సుందరరావు ఓరచూపు చూస్తాడని ముందే ఊహించి, తన అంకెకు తాను ఎంత కలిపాడో ఆయనొక్కడికే తెలుసు. "నాకు కొంచెం పనుంది అన్నయ్యగారూ," అని, కాఫీ కూడా తాగకుండా ఆటో ఎక్కేశాడు.

పునర్మూల్యనం ఆ సాయంత్రమే జరిగింది. గోనెలు లేచాయి, క్యాలెండరు దిగింది, ఫ్రిజ్జు లోపలికొచ్చింది. రామక్క కూరగాయల డబ్బులు తీసుకుంది గానీ, సార్‌కి ఆస్తులు తిరిగొచ్చాయని మళ్లీ అన్ని ఇళ్లకూ చెప్పింది. సోఫా ఒక్కటే మెట్ల మలుపులోంచి ఎటూ కదల్లేదు. సాగర్ ఇప్పుడు దాని మీద కూర్చునే చదువుకుంటున్నాడు.

వారం తిరిగాక, గాంధీనగర్‌లో కొలతలని తెలిసిన పొద్దున, సుందరరావు అందరికన్నా ముందు లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పరామర్శకని తోడల్లుడి ఇంటికి బయల్దేరాడు. చేతిలో డజను అరటిపళ్లున్నాయి. పట్టాభి తెచ్చినవి ఆరే.